కల్నల్ చేతికిచ్చిన కవరు

డార్విన్,
2 జూన్ 2025

పెదనాన్నా,

నమస్కారాలు. ఫోన్ చేస్తే "గట్టిగా చెప్పు, వినపడట్లేదు" అంటారు. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు. అందుకే కాగితం అందుకున్నాను. నా ఉత్తరాలన్నిటికీ మూలన అందిన తేదీ వేసి, కవరుతో సహా ఫైల్లో పెడుతున్నారని మీ కోడలు ప్రియ నవ్వుతూ చెప్పింది. రిటైరై పాతికేళ్ళయినా హెడ్ క్లర్కు హెడ్ క్లర్కే. పెర్త్‌లో చలి ముదిరిందట కదా, ఇక్కడ మాత్రం వానలు పోయి హాయిగా ఉంది.

నా ఉద్యోగం సంగతి మీకు సగమే తెలుసు. ఒకప్పుడు కమ్యూనిస్టు పాలనలో ఉన్న దేశమొకటి తన సైన్యాన్ని ముప్పై ఏళ్ళుగా సంస్కరించుకుంటోంది. పేరు రాయనని సంతకం పెట్టాను, అడగకండి. పాత రోజుల్లో అక్కడ ప్రతి పటాలంలో పార్టీ మనిషి ఒకడుండేవాడు. ఎవరేం మాట్లాడారో పైకి చేరవెయ్యడమే అతని పని. పార్టీ పోయింది. యూనిఫాం మారింది, ప్రమాణం మారింది, రక్షణ మంత్రి కుర్చీలోకి సూటు వేసుకున్న మనిషి వచ్చాడు. సిపాయికి మాత్రం నోరు విప్పాలంటే ఇంకా భయమే. ఇప్పుడు వాళ్ళ పార్లమెంటు చట్టం చేసి, సైనికుల ఫిర్యాదులు వినడానికి ఒక కమిషనర్ని నియమించింది. ఆవిడ మిలిటరీ మనిషి కాదు, బడిలో లెక్కలు చెప్పిన టీచరు. ఎవరి అనుమతీ లేకుండా ఏ సైనికుడైనా ఆవిడకు నేరుగా రాయొచ్చు. ఏడాదైంది, ఒక్క ఫిర్యాదూ రాలేదు.

ఆ దేశం నుంచి పదకొండుమంది ఆఫీసర్లు పది వారాల శిక్షణకు ఇక్కడికొచ్చారు. ఫిర్యాదు ఎలా తీసుకోవాలి, ఎలా విచారించాలి అన్నది నా పాఠం. వాళ్ళ పెద్ద ఒక కల్నల్. ఆయన పతకాల వరస చూసి ఆయనకు వీరవెంకటసత్యనారాయణ అని పేరు పెట్టుకున్నాను. అందరికంటే చిన్నవాడు ఒక కెప్టెన్, ముప్పై కూడా ఉండవు. అతను కిట్టు. అసలు పేర్లు మనకొద్దు.

పోయిన గురువారం క్లాసులో, ఒక ఫిర్యాదు ఊహించి రాయమన్నాను. అందరూ తిండి బాగాలేదు, బూట్లు కరుస్తున్నాయి అని రాశారు. కిట్టు నాలుగు పేజీలు రాశాడు. ఫిబ్రవరి పదకొండు, మెట్ల పక్క గది, పంతొమ్మిదేళ్ళ కొత్త సిపాయి. పాతవాళ్ళు ఆ పిల్లాణ్ణి కొట్టి చంపారు. డాక్టరు గుండెజబ్బని రాశాడు. "ఆ రోజు డ్యూటీ ఆఫీసర్ని నేనే" అని ఆఖరి వాక్యం. కాగితం ఇస్తూ, "ఊహే కదా మేడమ్" అన్నాడు. అది ఊహ కాదు పెదనాన్నా. ఇచ్చిన కాగితం అంచు అతను చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు దీన్ని ఏం చెయ్యాలి? నాకు పుస్తకాలు తెలుసు. మీకు కాగితాలు తెలుసు. మిలిటరీలో ఇరవై ఎనిమిదేళ్ళు అదే పని చేశారు. చెప్పండి.

మీ
అమ్ములు


పియారా వాటర్స్,
పెర్త్,
9 జూన్ 2025

అమ్ములూ,

ఆశీస్సులు. నీ ఉత్తరం ఆరో తేదీన అందింది. ఇక్కడ రెండు రోజులుగా ఒకటే వాన. భార్గవ్ హీటర్ పెట్టి వెళ్తాడు, నేను ఆపేస్తాను, ప్రియ మళ్ళీ పెడుతుంది. ఈ యుద్ధంలో ఇంకా ఎవరూ గెలవలేదు.

పేరా ఒకటి. డాక్టరేట్లు చేసినవాళ్ళు అడగాల్సిన ప్రశ్నేనా ఇది? కాగితం నీ దగ్గర ఉండకూడదు. ఉన్న ప్రతి రోజూ నువ్వే ముద్దాయివి.

పేరా రెండు. మిలిటరీలో మెట్టు దాటిన కాగితానికి ఆయుష్షు ఉండదు. కమిషనరమ్మ, పార్లమెంటు అని నువ్వు చెప్పేవన్నీ బాగానే ఉన్నాయి గానీ, పటాలం నడిచేది పటాలం లెక్కలోనే. మా దగ్గర ప్రతి అర్జీ మీదా 'త్రూ ప్రాపర్ చానల్' అని రాసి, పై అధికారి ద్వారానే పంపేవాళ్ళం. ఆయన్ని తప్పించి పంపితే ముందు కోపమొస్తుంది, తర్వాత చెత్తబుట్ట వస్తుంది. ఇక్కడ పై అధికారి ఎవరు? మీ వీరవెంకటసత్యనారాయణ. కవరు అంటించి, పైన నీ నోటు పెట్టి ఆయన చేతికియ్యి. ఆయన్ని గౌరవించినట్టూ ఉంటుంది, ఆయన మీద బాధ్యత పడినట్టూ ఉంటుంది.

పేరా మూడు. ఇది ముఖ్యం. ఇచ్చేముందు కిట్టుని అడగొద్దు. అడిగితే భయపడి వెనక్కి తీసుకుంటాడు. నేను చూసినవాళ్ళంతా అంతే.

ఇది ఎక్స్‌ప్రెస్‌లో వేస్తున్నాను.

పెదనాన్న


పియారా వాటర్స్,
11 జూన్ 2025

అమ్ములూ,

మొన్నటి ఉత్తరంలో పేరా రెండూ, పేరా మూడూ కొట్టెయ్యి. కవరు ఇవ్వకు.

ఎందుకో చెప్పాలి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీ పెద్దమ్మ కూడా ఈ సంగతి తెలియకుండానే పోయింది.

1987లో మా యూనిట్‌లోకి రామ్మోహన్ అని శ్రీకాకుళం కుర్రాడొచ్చాడు. ఆ పటాలంలో తెలుగువాళ్ళం ఇద్దరమే. వాళ్ళ కంపెనీలో ఒక హవల్దార్ రోజూ సాయంత్రం వీణ్ణి బెల్టుతో కొట్టేవాడు. ఎందుకంటే కారణం లేదు, అలవాటు. రామ్మోహన్ అదంతా తెలుగులో రాసి తెచ్చి నాకిచ్చాడు. మంచి ఇంగ్లీషులోకి తిప్పి, నంబరేసి, డిస్పాచ్ రిజిస్టర్లో ఎక్కించి, పద్ధతి ప్రకారం అతని కంపెనీ కమాండర్‌కే పంపాను. ఆ హవల్దార్ ఆ కమాండర్‌కి కుడిభుజమని నాకు తెలుసు. కంచే చేను మేసే చోట కంచెకే అర్జీ పెట్టాను. తెలిసీ పంపాను అమ్ములూ, ఎందుకంటే పద్ధతి అది, నా రిజిస్టర్ శుభ్రంగా ఉండాలి.

వారంలో వాణ్ణి జ్వరంతోనే మంచుకొండ మీది పోస్టుకి ఎక్కించారు. దిగేటప్పటికి కుడికాలి వేళ్ళు నాలుగు లేవు. సర్వీసులోంచి తీసేశారు. వెళ్ళేరోజు కర్ర పట్టుకుని ఆఫీసుకొచ్చి, "సార్, మీకిచ్చింది సదవమని. పంపమని కాదు. నన్నొక్కపాలి అడిగుంటే ఆపీసేవోణ్ణి" అన్నాడు.

నీకు పేరా మూడు రాసిన చెయ్యి ఇదే. కిట్టుని అడుగు. అతను వద్దంటే వద్దు.

పెదనాన్న


డార్విన్,
13 జూన్ 2025, శుక్రవారం

పెదనాన్నా,

మీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం బుధవారం అందింది. మీరు చెప్పినట్టే చేశాను. నిన్న, అంటే పన్నెండో తేదీ గురువారం, పదకొండు గంటల టీ విరామంలో కవరు కల్నల్ చేతికిచ్చాను. పైన నా నోటు, లోపల కిట్టు రాసిన నాలుగు పేజీలు. ఒక కాపీ నా దగ్గర ఉంచుకున్నాను. ఆయన నా ముందే కవరు విప్పి, మొదటి పేజీ చదివి, "మా కొత్త సైన్యంలో పనులు ఇలాగే జరగాలి డాక్టర్" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఊపాడు. గుండె మీది బరువు దిగింది. సాయంత్రం మిండిల్ బీచ్ సంతకెళ్ళి మీకోసం తాటాకు టోపీ ఒకటి కొన్నాను, పార్సెల్ చేస్తాను.

పైది పొద్దున రాశాను. ఇప్పుడు సాయంత్రం నాలుగైంది.

కిట్టు ఇవాళ క్లాసుకి రాలేదు. కడుపునొప్పి అన్నారు. మధ్యాహ్నం వాళ్ళు దిగిన హోటల్‌కి వెళ్ళాను. అతని గది ముందు ఇద్దరు మేజర్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మాట్లాడాలంటే, "నిద్రపోతున్నాడు" అన్నారు. అప్పుడే తలుపు కొంచెం తెరుచుకుంది. కిట్టు నన్ను చూశాడు. "మీకెవరు చెప్పారు ఇవ్వమని?" అని ఇంగ్లీషులో అడిగాడు. అరవలేదు, తిట్టలేదు. నేను జవాబు చెప్పేలోపు తలుపు వేసేశారు.

ఎల్లుండి అతన్ని దేశానికి పంపించేస్తున్నారట. తల్లికి బాగాలేదని కారణం. ఆవిడతో మొన్ననే మాట్లాడానని క్లాసులో తనే నాతో చెప్పాడు. మా మేనేజరు, "అది వాళ్ళ అంతర్గత వ్యవహారం దివ్యా, నువ్వు తలదూర్చకు" అంటున్నాడు. పోలీసులకు చెప్పనా? చెబితే ఏమని చెప్పను? భయంగా ఉంది.

అమ్ములు


డార్విన్,
20 జూన్ 2025

పెదనాన్నా,

కిట్టు వెళ్ళిపోయాడు. విమానాశ్రయంలో ఫెడరల్ పోలీసులతో మాట్లాడాను. వాళ్ళు అతన్ని పక్కకు తీసుకెళ్ళి, "ఇష్టపడే వెళ్తున్నావా, ఇక్కడ రక్షణ కావాలా" అని ఒంటరిగా అడిగారు. వెళ్తానన్నాడట. అతని తల్లి ఆ దేశంలోనే ఉంది కదా, ఇంకేమంటాడు. అక్కడ దిగగానే గార్డు గదిలో బంధించారని ఇంకో ఆఫీసరు నా చెవిలో వేశాడు.

మీ రెండో ఉత్తరం పద్దెనిమిదిన అందింది. మీరు వేసిన తేదీ పదకొండు. పోస్టాఫీసు ముద్ర పద్నాలుగు.

మూడు రోజులు ఎక్కడుంది పెదనాన్నా అది? పదకొండున మీకు తెలుసు. పన్నెండో తేదీ పొద్దున పదకొండు గంటలదాకా నాకు సమయముంది. ఇంట్లో భార్గవ్ అన్నయ్య ఉన్నాడు, ప్రియ ఉంది, మూడు ఫోన్లున్నాయి. "ఇవ్వకు" అని ఒక్క మాట మెసేజ్ పెట్టించడానికి మీకు ఏం అడ్డొచ్చింది? ముందు చెప్పిన మాటకు ఎక్స్‌ప్రెస్సూ, అది తప్పన్న మాటకు మామూలు స్టాంపూనా?

మీ మాట విన్నది నేనే. కిట్టుని అడగనిదీ నేనే. ఆ పాపం మీ మీద వెయ్యను. కానీ కోపం మాత్రం వస్తోంది, దాచుకోలేను.

శ్రీదివ్య


పియారా వాటర్స్,
26 జూన్ 2025

అమ్ములూ,

శ్రీదివ్య అని సంతకం పెట్టావు. సరే.

ఉత్తరం మూడు రోజులూ నా కోటు జేబులో ఉంది. మెసేజ్ పెట్టించాలంటే ఎందుకు ఇవ్వకూడదో వాళ్ళకు చెప్పాలి. చెబితే రామ్మోహన్ సంగతి చెప్పాలి. పదకొండో తేదీ సాయంత్రం ప్రియ నా మొహం చూసి, "ఏంటి మావయ్యగారూ, దివ్యకి ఏమన్నా మెసేజ్ పెట్టనా?" అని అడిగింది కూడా. "ఏం లేదమ్మా" అన్నాను. భార్గవ్ నన్ను చూసి పెరిగాడు. చిన్నప్పుడు స్కూల్లో, మా నాన్న మిలిటరీలో న్యాయం రాసే మనిషి అని చెప్పుకునేవాడు. వాడి ముందు చిన్నబోవడం ఇష్టంలేక, ఎవడో తెలియని పిల్లాణ్ణి ఒప్పజెప్పాను. మొదటిసారి రిజిస్టర్ కోసం, రెండోసారి పరువు కోసం.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కానీ కాలినవి నా చేతులు కావు.

తిట్టాలనిపిస్తే ఇంకా తిట్టు.

పెదనాన్న


డార్విన్,
15 జూలై 2025

పెదనాన్నా,

తిట్టే ఓపిక లేదు. పని ఉంది.

కిట్టు నాలుగు పేజీల కాపీ కమిషనర్‌కి నేనే నేరుగా పంపాను. ఈసారి అడిగే పంపాను. కిట్టు వాళ్ళమ్మ నంబరు ఆవేళ నా చెవిలో వేసిన ఆఫీసరే ఇచ్చాడు. గార్డు గదిలో ఉన్న కొడుకుని చూడ్డానికి ఆవిడకు వారానికి పది నిమిషాలిస్తారు. "అయ్యేది ఎలాగూ అయింది, పంపమను" అన్నాడట. కమిషనర్ ఆఫీసులో అది మొట్టమొదటి ఫిర్యాదు. నా కాంట్రాక్టు రద్దు చేస్తామని మా వాళ్ళు నోటీసిచ్చారు. ఇవ్వనీ.

చిక్కు ఇదీ. ఫిర్యాదు చేసినందుకు సైనికుణ్ణి శిక్షిస్తే ఆ శిక్ష చెల్లదని కొత్త చట్టం చెబుతుంది. కల్నల్ ఏమంటున్నాడంటే, "నాకే ఫిర్యాదూ అందలేదు, ఆ డాక్టర్ నాకే కవరూ ఇవ్వలేదు, కెప్టెన్ క్రమశిక్షణ తప్పాడని పంపేశాను" అని. టీ విరామంలో మేమిద్దరమే ఉన్నాం. నా మాట ఒక్కటీ చాలదు, ఉద్యోగం పోయిన కోపంతో అంటోందంటారు. కవరు ఇచ్చిన మర్నాడే ఆ సంగతి నేను రాసింది ఒక్కచోటే. జూన్ పదమూడు నాటి ఉత్తరంలో, మీకు.

దాని కాపీ కావాలి, ముద్రపడ్డ కవరుతో సహా. విచారణ ఇరవై రెండున, వీడియోలో. అది లేకపోతే కిట్టు మీద సైనిక కోర్టు కేసు నడుస్తుంది, ఏడేళ్ళదాకా వెయ్యొచ్చట. పోస్టులో వేస్తే అందదు పెదనాన్నా. భార్గవ్ అన్నయ్యని స్కాన్ చేసి పంపమనాలి. తెలుగులో ఉంది కాబట్టి అన్నయ్య చదువుతాడు. ఆ ఒక్క ఉత్తరంలో మీ పాత సంగతి లేదు. మిగతావి చూపించక్కర్లేదు.

ఈ ఉత్తరమూ పోస్టులో వేళకి అందదని ప్రియ ఫోన్‌కి పంపుతున్నాను, చదివి వినిపించమని.

అమ్ములు


పియారా వాటర్స్,
18 జూలై 2025

అమ్ములూ,

నువ్వడిగింది నిన్న రాత్రికే నీకు చేరి ఉండాలి. ఇప్పుడు రాస్తున్నది ఫైలు కోసం.

నువ్వు ఒక్కటి చాలన్నావు. నేను మొత్తం పంపించాను. నీవి, నావి. నావి నా దగ్గర ఎలా ఉన్నాయంటావా, నేను రాసిన ప్రతి ఉత్తరానికీ కార్బన్ కాపీ పెట్టుకుంటాను, నవ్వుకో. మధ్యలో పేజీ తీసేసిన ఫైలుని ఏ అధికారీ నమ్మడు. అది ఎందుకిచ్చావు, ఎవరు చెబితే ఇచ్చావు, ముందు అతన్ని ఎందుకు అడగలేదు అని వాళ్ళు అడుగుతారు. నా పేరా మూడు లేకపోతే ఆ తప్పంతా నీ నెత్తిన పడుతుంది.

భార్గవ్ నిలబడి ఒక్కొక్కటే స్కాన్ చేశాడు. పదకొండో తేదీ ఉత్తరం దగ్గర ఆగిపోయాడు. నేను బయటికి పోబోతుంటే, "ఉండు నాన్నా" అన్నాడు. మొత్తం చదివాడు. మిగతావి స్కాన్ చేసి పంపి, "అన్నం తిందాం రా" అన్నాడు. పక్కనే కూర్చుని నాకు వడ్డించాడు. కంటికి నీళ్ళొచ్చాయి, పచ్చడి ఘాటన్నాను.

ఇరవై రెండున ఏమైందో చెప్పు.

పెదనాన్న


డార్విన్,
4 ఆగస్టు 2025

పెదనాన్నా,

ప్రియకి ఆవేళే చెప్పాను, అయినా మీ ఫైలుకి కాగితం కావాలి కదా.

విచారణ మూడు గంటలు నడిచింది. నా ఉత్తరాన్ని వాళ్ళ దుబాసీ కోసం నేనే ఇంగ్లీషులోకి చెప్పాను. తేదీ, గంట, టీ విరామం, "మా కొత్త సైన్యంలో పనులు ఇలాగే జరగాలి" అన్న మాట, అన్నీ. కల్నల్ తన వకీలు వైపు చూడ్డం మొదలుపెట్టాడు. తర్వాత కమిషనర్ మీ పదకొండో తేదీ ఉత్తరం కూడా చదవమంది. వేళ్ళు పోయిన చోట ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివాను. తెర మీద అప్పటిదాకా తల దించుకుని కూర్చున్న కిట్టు తలెత్తాడు.

కల్నల్‌ని పదవి నుంచి తాత్కాలికంగా తప్పించారు. కిట్టుని అదే సాయంత్రం వదిలేశారు. బక్కచిక్కిపోయాడు, ఎడమచెవి సరిగ్గా వినపడటం లేదంటున్నాడు. ఎలా పోయిందో చెప్పడు. చనిపోయిన కుర్రాడి కేసు మళ్ళీ తెరుస్తున్నారు. నన్ను క్షమించమని కిట్టుకి రాశాను. జవాబు రాలేదు, రాకపోయినా అడగను. నా ఉద్యోగం ఈ నెలాఖరుతో సరి.

ఒక్క సంగతి మిగిలింది. కమిషనర్ తన మొదటి నివేదికలో ఈ కేసంతా అచ్చు వేస్తుందట. అక్కడి ప్రతి బ్యారక్‌కీ ఒక ప్రతి వెళుతుంది. మీ ఉత్తరం కూడా వెయ్యాలనుకుంటోంది, పద్ధతి పేరున మంచివాళ్ళే ఏం చేస్తారో సిపాయిలకీ ఆఫీసర్లకీ తెలియాలని. పేర్లు వెయ్యొచ్చా, మార్చమంటారా అని అడుగుతోంది. మీదీ, రామ్మోహన్‌దీ.

ఏం చెప్పమంటారు? తొందరలేదు. మీ ఇష్టం.

అమ్ములు


పియారా వాటర్స్,
11 ఆగస్టు 2025

అమ్ములూ,

కిట్టు బయటికొచ్చాడని ప్రియ చెప్పిన రోజు నేను వీధి చివరి చెరువు చుట్టూ రెండుసార్లు నడిచాను. ఆ చెవి సంగతి మాత్రం మింగుడుపడటం లేదు. నువ్వు ఉద్యోగం గురించి దిగులుపడకు. ఇక్కడికొచ్చి కొన్నాళ్ళుండు. హీటర్ మీద రాజీ కుదిరింది, వెచ్చగానే ఉంటుంది.

కమిషనరమ్మకు నా పేరు మార్చొద్దని చెప్పు. కోటేశ్వరరావు, హెడ్ క్లర్క్ అని పూర్తిగా వెయ్యమను. భార్గవ్‌కి చెప్పే ఈ మాట రాస్తున్నాను. వాడు సరేనన్నాడు.

రామ్మోహన్ పేరు మాత్రం నేనివ్వలేను. అది అతన్ని అడగాలి. ఏ ఊరో అడిగాడు భార్గవ్. శ్రీకాకుళం అన్నాను. శ్రీకాకుళంలో ఎక్కడ అన్నాడు. ఇంటిపేరు అడిగాడు. బతికున్నాడా అని అడిగాడు. అవేవీ నాకు తెలియవు అమ్ములూ. అతని కాగితం మీద నేను వేసిన డిస్పాచ్ నంబరు ఇప్పటికీ చెప్పగలను.

పెదనాన్న